పొగలో సైనైడ్, చేతికి ఎర్ర సెలైన్: నా అనుభవం

2025 జనవరి 18, శనివారం తెల్లవారుజామున మేముండే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌కి నిప్పంటుకుంది. మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలో. ఒంటి మీద ఒక్క బొబ్బ లేకుండా బయటపడ్డాను. కానీ పీల్చిన పొగ వల్ల నా రక్తంలోకి సైనైడ్ చేరింది. దానికి విరుగుడు ఎక్కించారు. ఆ విరుగుడు రంగు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారాలు పట్టింది. సైనైడ్ అంటే సినిమాల్లో విలన్ నాలుక కింద పెట్టుకునే క్యాప్సూలే నాకు తెలుసు. సోఫా కాలితే వచ్చే పొగలో కూడా అదే ఉంటుందని ఆ రోజు దాకా తెలియదు.

అదే ఏడాది మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదం జరిగి 17 మంది పోయారు. వాళ్ళలో ఎనిమిది మంది చిన్నపిల్లలు. ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది పొగే అని చదివాక నాకు నిద్ర పట్టలేదు. అప్పుడే ఇది రాయడం మొదలుపెట్టాను.

మా ఆయన సంక్రాంతికి ఖమ్మం వెళ్ళారు. మామయ్యగారి కంటి ఆపరేషన్ కూడా ఉండటంతో నెలాఖరు దాకా అక్కడే ఉండాలనుకున్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. మాది మూడో ఫ్లోర్, అంటే మన లెక్కలో రెండో అంతస్తు. రెండు దాటాక స్మోక్ అలారం మోగితే లేచాను. తలుపు కొంచెం తీసేసరికి కారిడార్ అంతా నల్లగా ఉంది, ఎదుటి ఫ్లాట్ తలుపు కూడా కనపడలేదు. వెంటనే మూసేసి, టవల్ తడిపి తలుపు కింద కుక్కి, ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేశాను. బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి కిటికీ తీస్తే అటు నుంచి కూడా పొగే, ఎందుకంటే కాలుతున్నది సరిగ్గా మా కింది ఫ్లాట్. హీటర్ పక్కనే ఉన్న సోఫా అంటుకుందని ఫైర్ వాళ్ళు తర్వాత చెప్పారు. మా బాత్రూమ్ సీలింగ్‌లో ఉన్న ఎగ్జాస్ట్ జాలీ లోంచి కూడా పొగ దిగుతూనే ఉంది.

సైనైడ్‌కి చేదు బాదం వాసన వస్తుందంటారు, నీకు వచ్చిందా అని తర్వాత చాలామంది అడిగారు. నాకు కాలిన ప్లాస్టిక్ వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అసలు ఆ వాసన పట్టగలిగే శక్తి కొంతమందికి పుట్టుకతోనే ఉండదట, డాక్టర్ చెప్పారు. కాబట్టి వాసన రాలేదు కదా అని ధైర్యపడటానికి లేదు.

ఆ ఫోన్ కాల్ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అవతలి ఆవిడ ఫ్లాట్ నంబర్ అడిగింది, సరిగ్గానే చెప్పాను. కొద్దిసేపటికి మళ్ళీ అడిగింది. ఈసారి ఖమ్మంలో మా పుట్టింటి డోర్ నంబర్ చెప్పాను, అది కూడా తెలుగులో. తప్పు చెప్తున్నానన్న స్పృహ కూడా లేదు. తల దిమ్ముగా ఉంది, గుండె దడదడలాడుతోంది, కూర్చుంటే బాగుండు అనిపించింది. మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు.

ఇక్కడి నుంచి రాసేది అంబులెన్స్ వాళ్ళ రిపోర్ట్ చూసి రాస్తున్నాను. మీకెప్పుడైనా అవసరం పడితే ఆ రిపోర్ట్ అడిగి తీసుకోండి, నిమిషాలతో సహా అన్నీ అందులో ఉంటాయి. 2:41కి ఫైర్ వాళ్ళు నన్ను మోసుకుని కిందికి తెచ్చారు. 2:43కి మాస్క్ పెట్టి ఆక్సిజన్. ముక్కు చుట్టూ, నాలుక మీద మసి. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది, జవాబులు పొంతన లేవు. బీపీ 82/50. వేలికి పెట్టిన ఆక్సిమీటర్‌లో మాత్రం 99.

ఈ 99 గురించి కొంచెం చెప్పాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. అది రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట తిష్ట వేస్తుంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌కి ఆ రెండింటికీ తేడా తెలియదు, అంతా బాగానే ఉందని చూపిస్తుంది. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ మన ఇళ్ళలో చాలావాటిలో ఉంది. పొగ పీల్చిన మనిషి వేలికి అది పెట్టి, 98 ఉంది కదా అని ఇంట్లో పడుకోబెట్టకండి.

మూసుకుపోయిన చోట పొగ పీల్చడం, నోట్లో మసి, మనిషి తికమకగా ఉండటం, బీపీ పడిపోవడం. ఇవన్నీ కలిస్తే పరీక్షల కోసం ఆగకుండా సైనైడ్ అనే అనుకుని విరుగుడు ఇచ్చేస్తారు. ఎందుకంటే సైనైడ్ రక్తపరీక్ష రిజల్ట్ వచ్చేసరికి రోజులు పడుతుంది, చికిత్సకి ఉన్నవి నిమిషాలే. నాకు 2:52కి మొదలుపెట్టారు. అంతకుముందే రెండు చేతులకీ సూదులు గుచ్చి, నాలుగు ట్యూబుల్లో రక్తం తీసి పక్కన పెట్టారు. ఆ పని ఎంత మేలు చేసిందో తర్వాత తెలిసింది.

ఆ మందు పేరు హైడ్రాక్సోకోబాలమిన్. గాజు సీసాలో 5 గ్రాముల ముదురు ఎరుపు పొడి. అందులో 200 మిల్లీలీటర్ల సెలైన్ పోసి, గట్టిగా కుదపకుండా సీసాని ఒక నిమిషం పాటు అటూ ఇటూ తిప్పి కరిగించి, పదిహేను నిమిషాల్లో ఎక్కించేస్తారు. దీనికి ఒక చేతి సూదిని విడిగా ఉంచేస్తారు, వేరే మందులు ఆ లైన్లో ఇవ్వరు. నాకు తెలివి వచ్చింది ఆ సీసా సగం అయ్యాకనే. కళ్ళు తెరిచేసరికి నా చేతిలోకి ఎర్రటి పైపు కనపడింది. రక్తం ఎక్కిస్తున్నారు, అంటే ఒళ్ళంతా కాలిపోయిందేమో అనుకుని ఏడవడం మొదలుపెట్టాను. పక్కనున్న కుర్రాడు నా చెయ్యి పట్టుకుని, అది రక్తం కాదు, మందు, నీకు కాలలేదు అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. అతని మొహం సరిగ్గా గుర్తులేదు. ఆ గొంతు మాత్రం జన్మలో మర్చిపోను.

ఎమర్జెన్సీలో చేరేసరికి మూడున్నర కావొచ్చింది. బీపీ 118కి వచ్చింది, తర్వాత కాసేపట్లో 160 దాటింది. ఈ మందుతో బీపీ పెరగడం మామూలేనట, కొన్ని గంటల్లో అదే దిగింది. తల పగిలిపోయే నొప్పి. ముందుగా తీసిన రక్తంలో లాక్టేట్ 11 వచ్చింది. మామూలుగా 2 లోపే ఉండాలి. శరీరంలో కణాలు ఆక్సిజన్ వాడుకోలేకపోతే అది పెరుగుతుంది. కాలిన గాయాలు పెద్దగా లేకుండా, పొగ పీల్చిన మనిషికి 10 దాటితే సైనైడ్ అనే అనుమానం గట్టిపడుతుందట. హిమోగ్లోబిన్‌లో 19 శాతాన్ని కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుని ఉంది.

తెల్లవారాక వచ్చిన డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని విడమర్చి చెప్పింది. ఊపిరితిత్తులు ఆక్సిజన్ తెచ్చి ఇస్తాయి, కానీ సైనైడ్ కణం లోపల దాన్ని వాడుకునే ఎంజైమ్‌ని పట్టేసుకుంటుంది. ఆక్సిజన్ ఉండీ లేనట్టే. ఈ మందులో ఉన్న కోబాల్ట్‌కి సైనైడ్ అంటే ఇంకా ఎక్కువ ఇష్టం. దాన్ని లాక్కుని, రెండూ కలిసి సయనోకోబాలమిన్‌గా మారి, యూరిన్‌లో వెళ్ళిపోతాయి. సయనోకోబాలమిన్ అంటే మనం మింగే విటమిన్ బీ12. నేను శాకాహారిని, బీ12 తక్కువని మూడేళ్ళుగా 1500 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. దాని తోబుట్టువు లాంటి మందే నాకు మూడు వేల రెట్లకు పైగా, పావుగంటలో ఒంట్లోకి పంపారు. విషమూ విటమినూ అంత దగ్గరగా ఉంటాయని విని చాలాసేపు అదే ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఆ ఉదయం యూరిన్ బ్యాగ్ చూసి నర్సుని గట్టిగా పిలిచాను. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలా ఉంది. ఆ అమ్మాయి నవ్వి, ఇదే మాకు కావాల్సింది అంది. నా చేతులు, మొహం, కళ్ళలో తెల్లగుడ్డు కూడా ఎర్రబడ్డాయి. తుడుచుకున్న టిష్యూకి కన్నీళ్ళు కూడా లేత గులాబీ రంగులో అంటుకున్నాయి. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే అంత భయపడేదాన్ని కాదు. చర్మం ఎరుపు రెండు వారాల దాకా, యూరిన్ ఎరుపు అయిదు వారాల దాకా ఉండొచ్చని ఆ తర్వాత కాగితం మీద రాసిచ్చారు.

పక్క బిల్డింగ్‌లో ఉండే అక్క విషయం తెలిసి ఆరింటికల్లా వచ్చేసింది. మా ఆయనకి ఫోన్ చేసింది ఆవిడే. ఖమ్మంలో అప్పుడు సాయంత్రం నాలుగున్నర. అమ్మ వీడియో కాల్ చెయ్యమని ఒకటే గొడవ. నా మొహం చూసిన వెంటనే, "అయ్యో బిడ్డా, మొహమంతా కాలిందా?" అని ఏడుపు. "కాలలేదమ్మా, అది మందు రంగు, నీ మీద ఒట్టు" అన్నాను. పొగ వల్ల గొంతు బొంగురుపోయి మాట సరిగ్గా రాలేదు, దాంతో అమ్మకి భయం ఇంకా ఎక్కువైంది. చివరికి అక్క ఫోన్ తీసుకుని నా చెంప మీద వేలితో గట్టిగా రుద్ది చూపించింది. "చూడండి పిన్నీ, చర్మం ఊడట్లేదు, బొబ్బ లేదు." అప్పుడు నమ్మింది.

మా ఆయన స్నేహితుడొకరు హైదరాబాద్‌లో ఐసీయూ డాక్టరు. ఆయన మొదట అడిగింది, సోడియం నైట్రైట్ ఇచ్చారా అని. ఇవ్వలేదంటే హమ్మయ్య అన్నారట. పాత పద్ధతిలో ముందు నైట్రైట్, తర్వాత థయోసల్ఫేట్ ఇస్తారు. నైట్రైట్ రక్తంలో కొంత హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రకంగా మార్చి, దాంతో సైనైడ్‌ని పట్టిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అప్పటికే కొంత హిమోగ్లోబిన్‌ని ఆక్రమించిన మనిషికి అది ఇస్తే ఇంకా ప్రమాదం. వాళ్ళ ఆసుపత్రిలో ఈ ఎర్ర మందు లేదని, ఇలాంటి కేసు వస్తే ఆక్సిజన్, థయోసల్ఫేటే దిక్కని చెప్పారాయన.

అన్నిటికంటే నరకం, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి స్వరపేటిక చూడటం. వాపు పెరిగితే ఊపిరి దారి మూసుకుపోతుంది, అందుకని ఆ రోజు రెండుసార్లు చూశారు. వాపు తక్కువే ఉంది కాబట్టి ట్యూబ్ వెయ్యాల్సిన అవసరం రాలేదు. కార్బన్ మోనాక్సైడ్ తొందరగా పోవడానికి హై ప్రెషర్ ఆక్సిజన్ చాంబర్ ఉన్న ఊరికి పంపాలా అని కూడా మాట్లాడుకున్నారు. మామూలు గాలిలో కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది, నూరు శాతం ఆక్సిజన్‌తో గంట, గంటన్నర. నాకు మధ్యాహ్నానికల్లా దాదాపు పోయింది, లాక్టేట్ కూడా 2 లోపుకి దిగింది. చాంబర్ మాట మానేశారు.

ఆదివారం ఇంకో టెన్షన్. కొత్తగా తీసిన రక్తంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా చూపించింది. ఫోన్ యాప్‌లో రిజల్ట్ డాక్టర్ కంటే ముందు మనకే వచ్చేస్తుంది కదా. మా ఆయన అక్కడ, నేను ఇక్కడ, ఇద్దరం కిడ్నీలు పోయాయనే అనుకున్నాం. డాక్టర్ వచ్చేదాకా రెండు గంటలు ఎలా గడిచాయో నాకే తెలుసు. అసలు విషయం ఏంటంటే, చాలా ల్యాబ్ మెషీన్లు రంగు చూసి లెక్కకడతాయి. రక్తంలో సీరమ్ (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) కూడా ఎర్రగా ఉంటే క్రియాటినిన్, బిలిరుబిన్, షుగర్ లాంటివి తప్పుగా వస్తాయి. అందుకే అంబులెన్స్‌లో మందుకి ముందు తీసిన ట్యూబులు అంత ముఖ్యం, నమ్మదగ్గ అంకెలు అవే. ఈ మందుతో కిడ్నీ దెబ్బతినే అవకాశం కూడా ఉంది కాబట్టి డాక్టర్లు దాన్ని తేలిగ్గా తీసుకోలేదు, నెల వరకు మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించారు. చివరికి మామూలుగానే తేలింది. మీకో మీ వాళ్ళకో ఈ మందు ఇస్తే, తర్వాత ఏ ల్యాబ్‌కి వెళ్ళినా ఆ మాట ముందే చెప్పండి. డయాలసిస్ మెషీన్ కూడా ఈ ఎరుపుని రక్తం లీకేజీ అనుకుని ఆగిపోతుందట.

జనవరి 21న డిశ్చార్జ్. 24న సైనైడ్ రిజల్ట్ వచ్చింది: లీటర్‌కి 1.4 మిల్లీగ్రాములు. ఒకటి దాటితే విషప్రభావం కిందే లెక్క. డిశ్చార్జ్ అయ్యాక వచ్చిన ఆ అంకె చూసినప్పుడు, ఆసుపత్రిలో ఎప్పుడూ పడనంత భయపడ్డాను. ఆ రిజల్ట్ కోసం ఆగి ఉంటే అనే ఆలోచన రాత్రిళ్ళు ఇప్పటికీ వస్తుంది.

ఎరుపు ఉన్నన్నాళ్ళూ ఎండలోకి వెళ్ళొద్దన్నారు, చర్మం తొందరగా కమిలిపోతుందని. జనవరి చలి కాబట్టి ఇబ్బంది కాలేదు. ఫిబ్రవరి రెండో వారంలో మొహం, మెడ నిండా మొటిమల్లాంటి పొక్కులు లేచాయి. టీనేజ్‌లో కూడా నాకు అన్ని రాలేదు. ఇది కూడా ఈ మందు వల్లే, కొన్ని వారాల తర్వాత రావడం మామూలేనట, ఏమీ పూయకపోయినా మార్చి మొదటికి అవే పోయాయి. యూరిన్ రంగు ఫిబ్రవరి మూడో వారానికి మామూలుగా అయింది.

మా ఫ్లాట్‌లోకి వెళ్ళడానికి అనుమతి ఇచ్చాక సామాన్లు తెచ్చుకోవడానికి మా ఆయనతో వెళ్ళాను, ఆయన 20కే టికెట్ మార్చుకుని వచ్చేశారు. మంట మా ఫ్లాట్‌లోకి రాలేదు, మసి మాత్రం బీరువా లోపలికి కూడా వెళ్ళింది. పట్టుచీరల మడతల్లో నల్లటి గీతలు. నైట్రోజన్ ఉన్న ఏ వస్తువు కాలినా, ఫోమ్, నైలాన్ కార్పెట్, ఉన్ని, చివరికి పట్టు అయినా, ఈ సైనైడ్ గ్యాస్ రావొచ్చని అప్పటికి తెలుసు. అత్తయ్యగారు పెళ్ళికి పెట్టిన చీర ముట్టుకోవడానికి కూడా చెయ్యి రాలేదు. మా ఆయనే గ్లవ్స్ వేసుకుని విడిగా కవర్లో పెట్టారు, స్పెషల్ క్లీనింగ్ వాళ్ళు దాన్ని బాగుచేసి ఇచ్చారు.

డబ్బు సంగతి. ప్రమాదం జనవరిలో కావడంతో ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టేలోపు ఏటా మనం కట్టుకోవాల్సిన మొత్తం) మళ్ళీ సున్నా నుంచి మొదలైంది. ఆసుపత్రి బిల్లు 58 వేల డాలర్లు దాటింది, మా చేతి నుంచి పడింది 6,500, అదే మా ప్లాన్‌లో ఏడాది గరిష్ఠం. అంబులెన్స్ బిల్లు వేరు, 2,380 డాలర్లు. 2022 జనవరి నుంచి అమలవుతున్న నో సర్ప్రైజెస్ చట్టం, అంటే అనుకోని పెద్ద వైద్య బిల్లుల నుంచి కాపాడే చట్టం, హెలికాప్టర్ అంబులెన్స్‌కి వర్తిస్తుంది గానీ రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్‌కి వర్తించదు. ఇన్సూరెన్స్ వాళ్ళు సగం లోపే ఇచ్చారు. ఆ పదిహేను నిమిషాల మందుకి బిల్లులో విడిగా ఒక లైను కూడా లేదు, అదంతా అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ (పెద్ద స్థాయి అత్యవసర చికిత్స) అన్న మాట కింద ఉంది. మిగిలింది కట్టడానికి నాకు కష్టంగా అనిపించలేదు, నన్ను బతికించింది వాళ్ళే. అప్పీల్ మాత్రం పెట్టాం, ఇంకా తేలలేదు. నెలకి పదిహేను డాలర్లు కూడా కాని రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ళు తీసుకునేది) ఉండటం వల్ల హోటల్ ఖర్చు, బట్టలు, ఫర్నిచర్ చాలావరకు వచ్చాయి. రెడ్ క్రాస్ వాలంటీర్లు మొదటి రోజే అక్క ఇంటికి వచ్చి, తక్షణ ఖర్చులకి ఒక కార్డు ఇచ్చి వెళ్ళారు.

కార్బన్ మోనాక్సైడ్ తగిలినవాళ్ళకి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, నడకలో తేడా రావొచ్చని మార్చిలో ఒకసారి, మే నెలలో ఒకసారి న్యూరాలజిస్ట్ పరీక్షించారు. వంద నుంచి ఏడేసి తగ్గించుకుంటూ చెప్పమంటారు, అయిదు మాటలు చెప్పి కాసేపటికి గుర్తున్నాయా అని అడుగుతారు. రెండుసార్లూ బాగానే చెప్పాను. గొంతు బొంగురు ఏప్రిల్ దాకా ఉంది, ఇప్పుడు పూర్తిగా తగ్గింది. బీ12 మాత్ర ఆపేశాను, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో సెప్టెంబర్‌లో రక్తం చూసి చెప్తామన్నారు.